మిత్రుల పందెములో అర్ధశక్తి నియమము

బాల్యమిత్రులు ఒకచోట కూడినప్పుడు వయస్సు గుర్తుకు రాదు. ఆ మరపు మనస్సుకు ఔషధమే గాని, గుండెకు, మోకాళ్ళకు అన్నివేళలా హితము కాదు. బాన్సువాడలో పదవ తరగతి వరకు కలిసి చదివిన మేము ఏడుగురము, అరవై దాటిన పిదప, ప్రతి సంక్రాంతి సెలవులలో స్నేహపూర్వకముగా ఒక వ్యాయామ పోటీ జరుపుకొనుచున్నాము. మాలో ఒకరికి గుండె రక్తనాళములో స్టెంటు కలదు. ఇద్దరికి మధుమేహము, ఒకరికి మోకాళ్ళ నొప్పి. కావున ముందుగా వైద్యుల సలహా పొంది, నియమములు వ్రాసుకొన్నాము. పాఠకులకు ఉపయోగపడునని వాటిని వివరించుచున్నాను.

శాస్త్రము చెప్పునదేమి?

బలవంతులు సైతము చలికాలమునందు, వసంతమునందు తమ శక్తిలో సగము మేరకే వ్యాయామము చేయవలెనని, తక్కిన ఋతువులలో ఇంకను తగ్గించవలెనని అష్టాంగహృదయములో వాగ్భటాచార్యులు చెప్పినారు. మితిమీరినవారిని ఏనుగును ఈడ్చబోయి నశించిన సింహముతో పోల్చినారు. నుదుట, ముక్కుపై, చంకలలో, కీళ్ళ వద్ద చెమట పట్టుట, నోరు ఎండుట, నోటితో శ్వాస తీయవలసి వచ్చుట అర్ధశక్తికి గుర్తులు.

వృద్ధులు వ్యాయామము మానవలెనని కూడ వాగ్భటులే చెప్పినారు. నేటి వైద్యము ఇందుకు అంగీకరించదు. 65 ఏండ్లు దాటినవారు కూడ వారమునకు కనీసము 150 నిమిషములు మధ్యస్థమైన శ్రమ చేయవలెనని, వారమునకు మూడు దినములైనను శరీరపు నిలకడను పెంచు అభ్యాసములు చేయవలెనని 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించినది. కావున మేము వ్యాయామము మానలేదు. అర్ధశక్తి హద్దును మాత్రము విడువలేదు.

మా ఐదు అంశములు

1. ఇరువది నిమిషముల నడక. దూరమునకు మార్కులు లేవు. ప్రక్కవానితో ఆయాసము లేక మాట్లాడుచు నడచినవానికే మార్కులు.

2. ఆరు సూర్యనమస్కారములు. వేగము చూడము, శ్వాస లయ చూచెదము. మోకాళ్ళ నొప్పి గలవారు కుర్చీలో కూర్చుండి చేతులు, నడుము మాత్రమే కదలింతురు.

3. ఒంటికాలిపై 10 సెకన్లు నిలుచుట. ప్రక్కన ఒకరు తప్పక ఉండవలెను. 51 నుండి 75 ఏండ్ల వయస్సు గల 1,702 మందిని పరిశీలించి 2022లో ప్రకటించిన బ్రెజిల్ అధ్యయనములో, ఇట్లు నిలువలేనివారిలో తరువాతి ఏడేండ్లలో మరణములు ఎక్కువగా కనబడినవి. ఇది భయపడుటకు గాక అభ్యాసము మొదలుపెట్టుటకు హెచ్చరిక.

4. నేలపై కూర్చుండి, వీలైనంత తక్కువ ఆసరాతో లేచుట.

5. విశ్రాంతి. నడక ముగించి ఐదు నిమిషములు కూర్చున్న పిదప, నాడి ఎవరికి మొదటి లెక్కకు దగ్గరగా వచ్చునో వారికి ఎక్కువ మార్కులు.

రెచ్చగొట్టుట నిషేధము

"ఏందిరా, గప్పుడే ముసలోనివైతివా?" అను ఒక్క మాటకు, స్టెంటు ఉన్న మిత్రుడు మొదటి యేట అడుగు వేగము పెంచినాడు. వెంటనే ఆపితిమి. నాటి నుండి అట్టి మాట అన్నవానికి రెండు మార్కులు తగ్గింపు. ఆయాసము వచ్చి ఆగినవానికి తగ్గింపు లేదు.

గత సంవత్సరము మధుమేహము గల మిత్రునికి చేతులు వణికి, చల్లని చెమట పోసినది. మాత్ర వేసుకొని, పందెపు ఆతురతలో ఉపాహారము మానినాడు. మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి త్రాగించినాము, పావుగంటలో తేరుకొన్నాడు. స్పృహ లేనివారి నోట మాత్రము ఏమియు పోయరాదు. ఛాతీలో బిగువు, ఎడమ చేయికిగాని దవడకుగాని ప్రాకు నొప్పి, కళ్ళు తిరుగుట కలిగినచో గృహవైద్యముతో కాలము గడపక వెంటనే 108కి ఫోన్ చేయవలెను.

పోటీ ముగిసిన పిదప

చిన్న గిన్నెడు నువ్వుల నూనెలో చెంచాడు వాము వేసి కాచి, వడగట్టి, గోరువెచ్చగా పిక్కలకు, నడుముకు మెల్లగా మర్దన చేసికొని, అరగంట తరువాత వేడినీటి స్నానము చేసినచో కండరముల బిగువు సడలును. వాపు, గాయము ఉన్నచోట మర్దన కూడదు. పిదప మజ్జిగ కలిపిన జొన్న అంబలి త్రాగుదుము.

ఇంతవరకు ఎవరు ఎన్ని మార్కులు గెలిచిరో మాకు సరిగా జ్ఞాపకము లేదు. వచ్చే సంక్రాంతికి ఏడుగురమును మరల మైదానమునకు రావలెననుటే మా పందెము.