టీవీలో లైవ్ మ్యూజికల్స్ పని అయిపోయినట్టేనా?

ఈరోజు టాపిక్ మనకి కొంచెం కొత్తది. అమెరికాలో పెద్ద టీవీ ఛానెళ్లు మ్యూజికల్స్‌ని లైవ్‌లో వేసేవి. అవి ఇక ముందు వస్తాయా, రావా?

ముందు రెండు మాటలు క్లియర్ చేసుకుందాం. మ్యూజికల్ అంటే కచేరీ కాదు, పాటలతో కథ నడిచే నాటకం. మన పద్యనాటకం చూసినవాళ్లకి వెంటనే అర్థమైపోతుంది: పాత్రకి కోపమొచ్చినా, ఏడుపొచ్చినా రాగం అందుకోవాల్సిందే. ఇక నెట్‌వర్క్ టీవీ అంటే ఎన్‌బీసీ, సీబీఎస్, ఏబీసీ, ఫాక్స్ లాంటివి. ఇంట్లో యాంటెనా ఉంటే చాలు, నెలనెలా డబ్బు కట్టక్కర్లేదు. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, దీంతో పనుంది.

ఐడియా పాతదే. 1957లో సీబీఎస్ ‘సిండ్రెల్లా’ని లైవ్‌లో వేసింది. జూలీ ఆండ్రూస్ హీరోయిన్. టీవీ కోసమే రాసిన మ్యూజికల్ అది. 10 కోట్ల మందికి పైగా చూశారని అంచనా. ఆ తర్వాత దశాబ్దాల పాటు ఇలాంటివి బాగా తగ్గిపోయాయి.

మళ్లీ ఊపు తెచ్చింది ఎన్‌బీసీ. 2013 డిసెంబర్ 5న ‘ది సౌండ్ ఆఫ్ మ్యూజిక్ లైవ్!’ వేసింది. హీరోయిన్‌గా కంట్రీ సింగర్ క్యారీ అండర్‌వుడ్. ఆవిడ నటనని బాగానే ఏకిపారేశారు. అయినా చూసినవాళ్లు సుమారు 1 కోటి 86 లక్షల మంది! ట్విట్టర్‌లో వెక్కిరించడానికి కూర్చున్నవాళ్లు కూడా ఆ లెక్కలోనే ఉన్నారు. ఛానెల్‌కి కావాల్సింది అదే. రికార్డు చేసుకుని తర్వాత చూసేవాడు యాడ్స్ స్కిప్ చేసేస్తాడు. క్రికెట్ మ్యాచ్‌లాగా అందరూ ఒకే టైంకి కూర్చుంటేనే యాడ్‌కి రేటు. (తమాషా ఏంటంటే, టైం తేడా వల్ల కాలిఫోర్నియా వాళ్లు చూసింది మూడు గంటల తర్వాత వేసిన రికార్డింగే.)

అక్కణ్ణుంచి ఏడాదికొకటి, రెండు వచ్చాయి. నా లెక్కలో అన్నిటికన్నా బెస్ట్, 2016 జనవరి 31న ఫాక్స్ వేసిన ‘గ్రీజ్: లైవ్’. ‘సౌండ్ ఆఫ్ మ్యూజిక్’ని ఖాళీ స్టూడియోలో తీశారు, పాట అయ్యాక చప్పట్లుండవు, అదోలా ఉంటుంది. ‘గ్రీజ్’ వాళ్లు జనాన్ని తీసుకొచ్చి సెట్ల మధ్యలోనే నిలబెట్టారు. ఆ రోజు వాన. గొడుగులేసుకుని మొదటి పాట కానిచ్చేశారు. హీరోయిన్లలో ఒకరైన వెనెస్సా హడ్జెన్స్ తండ్రి ముందురోజు రాత్రే చనిపోయారు, అయినా ఆమె వచ్చి పాడింది. సుమారు 1 కోటి 22 లక్షల మంది చూశారు. ఈ రాత్రి ఏమైనా జరగొచ్చు అనే టెన్షన్ ఉంది చూశారా, లైవ్ అంటే అదీ.

మూడేళ్లకి అదే ఫాక్స్ ‘రెంట్: లైవ్’ మొదలుపెట్టింది. ప్రసారానికి ముందురోజు, అంటే 2019 జనవరి 26న, డ్రెస్ రిహార్సల్‌లో హీరో బ్రెన్నిన్ హంట్ కాలు విరిగింది. బ్రాడ్‌వే థియేటర్లో అయితే ఇలాంటప్పుడు ఆ పాత్ర మొత్తం నేర్చుకుని రెడీగా ఉండే నటుడొకరు ఉంటారు. ఇక్కడ అలాంటి మనిషే లేడు! దాంతో మర్నాడు టీవీలో చాలావరకు ఆ రిహార్సల్ రికార్డింగే వేశారు, చివరి భాగం మాత్రం లైవ్. పేరులో ‘లైవ్’ ఉంది, స్క్రీన్ మీద లేదు. చూసింది సుమారు 34 లక్షల మంది.

జనానికి లైవ్ బోర్ కొట్టిందని చాలామంది అంటారు. నేనొప్పుకోను. 2018 ఈస్టర్ రోజున ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’ని ఎన్‌బీసీ కచేరీ పద్ధతిలో, నిండు ఆడియన్స్ ముందు వేస్తే 90 లక్షల మందికి పైగా చూశారు. ఛానెళ్లు స్టార్ పేరు మీద పెట్టినంత ఖర్చు, రిస్కుని తట్టుకునే ఏర్పాట్ల మీద పెట్టలేదు. అదీ నా కంప్లయింట్. అయితే ఒకటి, 2019లో ఏబీసీ వేసిన ‘ది లిటిల్ మెర్మెయిడ్ లైవ్!’లో సగానికి పైగా పాత కార్టూన్ సినిమానే, దానికీ 90 లక్షల దాకా వచ్చారు. కాబట్టి తెలిసిన కథకుండే బలాన్ని కూడా కొట్టిపారేయలేం.

2021 డిసెంబర్‌లో ఎన్‌బీసీ ‘యానీ లైవ్!’ సుమారు 53 లక్షల దగ్గర ఆగింది. మరుసటేడు ఏబీసీ ‘బ్యూటీ అండ్ ద బీస్ట్’ స్పెషల్ వేసింది కానీ, ముందే రికార్డు చేసి పెట్టుకున్నది. ఈలోగా ‘హామిల్టన్’ రికార్డింగ్ 2020 జూలైలో డిస్నీ ప్లస్‌లోకి వచ్చేసింది. 2016లో స్టేజి మీద తీసింది, క్వాలిటీ అదిరిపోతుంది. మరి ఇంక లైవ్ ఎందుకు?

ఇందాక గుర్తుపెట్టుకోమన్న యాంటెనా ఇక్కడ కావాలి. డిస్నీ ప్లస్‌కి డబ్బు కట్టాలి. బ్రాడ్‌వే టికెట్ వంద డాలర్లు దాటడం మామూలే, పైగా న్యూయార్క్ వెళ్లాలి. ఎక్కడో చిన్న ఊళ్లో ఉన్న పిల్లకి పైసా ఖర్చు లేకుండా మ్యూజికల్ కనిపించే కిటికీ ఈ నెట్‌వర్క్ టీవీనే. అది మూసుకుంటే నష్టం ఆ పిల్లకే, ఛానెల్‌కి కాదు.

నా అంచనా చెప్తాను. ఏడాదికొకటి అనే వరస ఇక తిరిగి రాదు. అప్పుడప్పుడు పండగ సీజన్లో, అందరికీ తెలిసిన కథతో, కచేరీలాగా, ఎదురుగా జనాన్ని కూర్చోబెట్టి ఒకటి వేస్తారు. ఆ పద్ధతిలో సెట్ల ఖర్చు తగ్గుతుంది, చప్పట్లూ నిజమైనవి. ఇలాంటివి ఎప్పుడూ చూడనివాళ్లు ‘గ్రీజ్: లైవ్’తో మొదలుపెట్టండి, తర్వాత ‘జీసస్ క్రైస్ట్ సూపర్‌స్టార్’. ఇయర్‌ఫోన్స్ మాత్రం మర్చిపోకండి.