కరణం రాయని కైఫియతు

మా ఊరు పుట్టిన చోటు నుంచి గజం కూడా కదల్లేదు. జిల్లాలే వచ్చి పోయాయి. మా ముత్తాత పొలం కాగితాల్లో కృష్ణా జిల్లా అని ఉంటుంది. తాత కాగితాల్లో గుంటూరు జిల్లా. నా పదో తరగతి సర్టిఫికెట్టు మీద ఒంగోలు జిల్లా, మా అమ్మాయి సర్టిఫికెట్టు మీద ప్రకాశం జిల్లా, మనవడి ఆధార్ కార్డు మీద బాపట్ల జిల్లా. ఇంకొల్లు, పర్చూరు మధ్య నల్లరేగడిలో ఉన్న ఊళ్లన్నిటి జాతకమూ ఇదే. 1859లో గుంటూరును కృష్ణాలో కలిపారు. 1904లో మళ్లీ విడదీశారు. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా చేసి అద్దంకి, పర్చూరు, చీరాల ప్రాంతాలను అందులో వేశారు. 1972లో దానికి ప్రకాశం పంతులు గారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో మమ్మల్ని అక్కణ్ణుంచి తీసి బాపట్లలో పెట్టారు.

సర్కారు ఇన్నిసార్లు మా పై అడ్రసు మార్చిందిగానీ, ఊళ్లో ఏం జరిగిందో రాసి పెట్టే పని మాత్రం ఎవరికీ అప్పగించలేదు. ఉద్యోగమంతా హైస్కూళ్లలో సాంఘికశాస్త్రం చెప్పాను. పానిపట్టు యుద్ధాలు మూడూ గడగడా చెప్పే పిల్లవాణ్ణి ‘మీ ఊరి మంచినీళ్ల చెరువు ఎవరు తవ్వించారురా?’ అంటే కిటికీలోంచి బయటికి చూసేవాడు. అందుకని ఏటా వేసవి సెలవులకు ఒకటే పని ఇచ్చేవాణ్ణి: ఇంట్లోనో వీధిలోనో అందరికన్నా పెద్దవాళ్ల దగ్గర కూర్చుని, వాళ్ల చిన్నతనం అడిగి, నోటుపుస్తకంలో రాసుకురావాలి. ఆ పుస్తకాలు ఇప్పటికీ మా అటక మీద ఉన్నాయి. ఊరి చరిత్ర ఎట్లా దొరుకుతుందో నాకు తెలిసిందంతా వాటివల్లనే.

కరణాలు రాసింది

మన ఊళ్ల చరిత్రను మొదట పనిగట్టుకుని పోగు చేయించినవాడు స్కాట్లండు మనిషి. కర్నల్ కాలిన్ మెకంజీ 1754లో ల్యూయిస్ అనే సముద్రపు దీవిలో, స్టోర్నవే అనే చిన్న ఊళ్లో పుట్టాడు. 1783లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. గుంటూరు సీమ కంపెనీ చేతికి వచ్చింది 1788లో. 1797లో మెకంజీ అమరావతి వెళ్లి, జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త పట్నం కట్టిస్తున్న చోట బయటపడ్డ బౌద్ధ స్తూపపు సున్నపురాతి బొమ్మలు చూశాడు. తరవాతి కాలంలో ఆ స్తూపం రాళ్లు కొన్ని మద్రాసు మ్యూజియానికీ, కొన్ని లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియానికీ చేరాయి.

మెకంజీకి తెలుగు రాదు. ఊరూరా తిరిగి పని చేసింది మనవాళ్లే. ఏలూరు నుంచి వచ్చిన కావలి వెంకట బొర్రయ్య ఆ పనికి దారి వేశాడు. 1803లో ఆయన చిన్న వయసులోనే పోతే సోదరుడు లక్ష్మయ్య అందుకున్నాడు. వీళ్లూ, వీళ్ల మనుషులూ వెళ్లి అడిగితే, ఊరి లెక్కలు రాసే కరణాలు తమ దగ్గరున్న కవిలెలు (పాత లెక్కల కట్టలు) చూసి, పెద్దలు చెప్పుకునేది విని, ఊరి సంగతులు రాసిచ్చారు. అవే కైఫియతులు. 1821లో మెకంజీ పోయాక ఆ కట్టలు చెదపురుగుల పాలు కాకుండా తిరగరాయించినవాళ్లలో సి.పి. బ్రౌన్ ముఖ్యుడు. గుంటూరు జిల్లా గ్రామాల కైఫియతులు ఆ తరవాత పుస్తకాలుగా కూడా అచ్చయ్యాయి.

ఇంగ్లండులో ప్రతి కౌంటీకీ, అందులోని ఊరూరికీ చరిత్ర రాయాలని విక్టోరియా రాణి పేరు మీద ఒక పెద్ద పథకం 1899లో మొదలైంది. అది ఇంకా సాగుతూనే ఉంది. మన కరణాలు కైఫియతులు రాసిచ్చింది దానికి ఎనభై, తొంభై ఏళ్ల ముందు. మనకు చరిత్ర రాసుకునే అలవాటు లేదని అనేవాళ్లు ఈ సంగతి గుర్తు పెట్టుకోవాలి.

కైఫియతు తెరిస్తే ఏముంటుంది? ఊరు కట్టినవాడి పేరు, గుడి, గుడికిచ్చిన మాన్యం, గజపతులు, కొండవీటి రెడ్లు, ఆ పైన తురకల అమలు, పొలిమేర రాళ్లు, శిస్తు. దాంతోపాటు కరణీకం తమ వంశానికి ఎట్లా వచ్చిందన్న కథ మాత్రం తప్పకుండా ఉంటుంది. రాసేవాడు కరణం కదా! కలం ఎవరి చేతిలో ఉంటే వాళ్ల ఇల్లు ఊరి నడిమధ్యకు వస్తుంది.

పిల్లలు రాసుకొచ్చింది

కరణం రాయని ఊరు నాకు పిల్లల నోటుపుస్తకాల్లో దొరికింది.

మాదిగపల్లె నుంచి వచ్చే ఒక అమ్మాయి, తన జేజమ్మ వాళ్ల అమ్మమ్మ ధాత కరువులో కాలువ మట్టి మోసిందని రాసుకొచ్చింది. ఏ కాలువో ఆ అమ్మాయికి తెలియదు. ధాత సంవత్సరమంటే 1876–77. ఆ కరువులో పనులు చూపించడానికి బకింగ్‌హాం కాలువ తవ్వకం సాగించారు. ఒంగోలులో 1866 నుంచి ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ అందులో మూడున్నర మైళ్ల పని గుత్తకు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ఊరి చర్చిలో ఇప్పుడు కూర్చునే చాలా కుటుంబాల కథ అక్కడ మొదలైంది. ఈ సంగతి ఊరివైపు ఇళ్లలో ఒక్కరికీ తెలియదు, పల్లెవైపు అందరికీ తెలుసు. ఒకే ఊరికి రెండు చరిత్రలు ఉంటాయని ఆ అమ్మాయి పుస్తకం నాకు చెప్పింది.

అంతకుముందు నందన కరువు, 1832–33ది, ఇంకా ఘోరం. డొక్కల కరువన్నా అదే. గుంటూరు సీమ జనాభాలో మూడో వంతు దాకా చచ్చిపోయారని అంచనా. బ్రౌన్ అప్పుడు గుంటూరులోనే ఉద్యోగంలో ఉన్నాడు. మా ఇళ్లలో తిండి దగ్గర మారాం చేసే పిల్లల్ని ‘డొక్కల కరువులో పుట్టాల్సింది నువ్వు’ అని ఇప్పటికీ తిడతారు. తిట్టేవాళ్లకు ఏడాది తెలియదుగానీ, దాని భయం మాత్రం తరాలు దాటి వచ్చింది.

మా వీధి చివర మగ్గం నేసే ఒక అవ్వ ఉండేది. పుట్టిల్లు పేరాల కాబట్టి అందరికీ ఆమె పేరాలవ్వ. చీరాల–పేరాల ఉద్యమం పాఠం చెప్పే ముందు నేను ఆమె దగ్గరికి వెళ్లాను. పుస్తకం ఏం చెబుతుందంటే: చీరాల, పేరాల ఊళ్లను కలిపి మునిసిపాలిటీ చేశారు, ఏడాదికి 4,000 రూపాయలుండే పన్ను 40,000 దాకా పెరిగింది. ఎడింబరోలో ఎం.ఏ. చదివొచ్చిన దుగ్గిరాల గోపాలకృష్ణయ్య రామదండు కట్టి జనాన్ని నడిపించాడు. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి, ఊరు వదిలిపోతే మునిసిపాలిటీ దానంతటదే ఆగిపోతుందని దారి చెప్పాడు. పదిహేను వేల జనంలో అత్యధికులు ఇళ్లు వదిలి పక్కనే రామనగరం అని పాకలు వేసుకుని పదకొండు నెలలు ఉన్నారు. దుగ్గిరాలను జైల్లో పెట్టాక ఉద్యమం సన్నగిల్లి జనం వెనక్కి వచ్చారు.

అవ్వకు పన్ను సంగతి గుర్తు లేదు. ‘మా నాయన కొత్తచోట మగ్గం గుంట తవ్వాడయ్యా. ఇసక నేల గదా, తవ్వినకొద్దీ పక్కలు కూలినయ్. రోజూ పొద్దున్నే గుంటలో ఇసక తోడటం నా పని’ అంది. నేతగాడు ఇల్లు వదలడమంటే మగ్గం గుంట వదలడమని ఏ పుస్తకంలోనూ చదవలేదు. ఇసకలో గుంట నిలవదు, గుంట లేకపోతే నేత లేదు, నేత లేకపోతే కూడు లేదు. పదకొండు నెలలు నిలబడటం ఎంత గొప్పో ఆ మాటతో తెలిసింది. ఆ ఏడు నుంచీ నా పాఠం మగ్గం గుంటతోనే మొదలయ్యేది.

చీరాల–పేరాల మరుసటి ఏడే, 1922 మొదట్లో, మాకు పొరుగునున్న పెదనందిపాడు ఫిర్కా శిస్తు కట్టనని మొండికేసింది. పర్వతనేని వీరయ్య చౌదరి ముందు నిలిచాడు. గ్రామోద్యోగులు రాజీనామాలు ఇచ్చారు, సర్కారు పటాలాన్ని దింపింది. ఫిబ్రవరిలో గాంధీ సలహాతో ఉద్యమం నిలిపేశారు. జప్తుకు వస్తున్నారని తెలిస్తే గొడ్లను రాత్రికి రాత్రి పొరుగూరి చుట్టాల దొడ్లోకి తోలేవాళ్లని మా తాత చెప్పేవాడు. ఏ ఇంటి ఎద్దులు ఏ దొడ్లో దాక్కున్నాయో ఆయనకు కంఠతా వచ్చు.

పంటలే మా పంచాంగం

మా వైపు పెద్దవాళ్లు కాలాన్ని రాజులతోనో మంత్రులతోనో కొలవరు, పంటతో కొలుస్తారు. ‘పొగాకు బాగా పండిన రోజుల్లో పెళ్లయింది’, ‘తెల్లదోమ యేడు పొలం అమ్మాం’ అంటారు. ఈ పంచాంగం తెలిస్తేనే వాళ్ల జ్ఞాపకాలకు ఏడాది కట్టగలం.

మా తాత చిన్నప్పుడు రేగడిలో జొన్న, దాంతోపాటు కాకినాడ పత్తి వేసేవాళ్లు. పండింది ఇక్కడే, ఎగుమతైన రేవు పేరు మీద కాకినాడ పత్తి. దూది కాస్త ఎర్రగా ఉండేది. 1920ల నుంచి వర్జీనియా పొగాకు వచ్చింది, చీరాలలో కంపెనీ వచ్చింది, పొలాల్లో బ్యారన్లు లేచాయి. నా చిన్నతనమంతా పచ్చాకు జిగటే. ఆకు రెలుపుల రోజుల్లో బడి సగం ఖాళీ. పిల్లలం కర్రలకు ఆకు కట్టేవాళ్లం. చేతులకు పట్టిన నల్లటి జిగురు సబ్బుకు పోదు, అన్నం చేదుగా ఉండేది. బావి నీళ్లు ఉప్పు, చెరువు నీళ్లే మంచినీళ్లు. వాన పడితే రేగడి బురద అంటుకుని ఏనుగు కాళ్లతో బడికి చేరేవాళ్లం.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు పునాదిరాయి వేశాడు. 1967లో కాలువలకు నీళ్లు వదిలారు. కుడి కాలువ నీళ్లు చివరి భూములైన మావైపు వచ్చిన ఏడు వచ్చాయి, రాని ఏడు రాలేదు. అయినా ఆశ మాత్రం వచ్చింది. 1970ల్లో వరలక్ష్మి వంటి హైబ్రిడ్ పత్తి, దాని వెనకే ఎరువులు, మందులు వచ్చాయి. మందు డబ్బాలు కడిగి నీళ్లు పోసుకున్న ఇళ్లు కూడా నాకు తెలుసు. 1980ల నడుమ తెల్లదోమ పడింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో పత్తి రైతులు అదే మందు తాగి చనిపోయారు. రైతుల ఆత్మహత్యలన్న మాట దేశం గట్టిగా విన్నది అప్పుడే. ఆ ఏడు మా తరగతిలో బడి మానేసిన పిల్లల పేర్లు హాజరుపట్టీలో ఉంటాయి, ఏ చరిత్ర పుస్తకంలోనూ ఉండవు.

ఇక మిరప. గుంటూరు పేరు చెబితే ప్రపంచానికి మిరపకాయే గుర్తొస్తుందిగానీ, కొండవీటి రెడ్ల వంటింట్లో మిరపకాయ లేదు, మిరియాలే. పొగాకు లాగే మిరప కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే, పోర్చుగీసు ఓడల కాలంలో. మా పిల్లకాయలకు అదంతా తెలియదు. ఎండాకాలం కళ్లంలో ఎర్రగా పరిచిన కాయ, రాత్రి కాపలాకు నాయన పక్కన చాప, తెల్లారేసరికి తుమ్ములు. ఆడవాళ్లు కొంగు ముక్కుకు చుట్టుకుని తాలుకాయలు ఏరేవాళ్లు. చేతులు మండితే మజ్జిగలో ముంచేవాళ్లు. గుంటూరు యార్డులో మిరప ధర పేపర్లో రోజూ వేస్తారు. తాలు ఏరిన చేతుల సంగతి మాత్రం ఎప్పుడూ వేయరు.

మీ ఊరి కైఫియతు మీరే రాయండి

ఎట్లాగంటారా? పెద్దవాళ్లను ‘ఏ సంవత్సరంలో?’ అని అడగకండి. ‘అప్పుడు పొలంలో ఏముంది? తుఫానుకు ముందా, తరవాతా?’ అని అడగండి. 1969 మే తుఫాను, 1977 నవంబరు 19 ఉప్పెన, 1979 మే, 1990 మే తుఫాన్లు మా వైపు అందరికీ గుర్తు. వాటి మధ్య ప్రతి పెళ్లినీ, పురుడినీ కూర్చోబెట్టవచ్చు. ఒకరు చెప్పింది ఇంకొకరిని అడగండి, ఊరివైపు విన్నది పల్లెవైపు కూడా వినండి. మగవాళ్లను శిస్తు గురించి, ఆడవాళ్లను కూలి గురించి అడగండి.

తరవాత కాగితం చూడండి. మీ ఊరికి కైఫియతు ఉందేమో వెతకండి. గుంటూరు కృష్ణాలో కలిసి ఉన్న రోజుల్లో గోర్డన్ మెకంజీ 1883లో రాసిన కృష్ణా జిల్లా మాన్యువల్ తిరగేయండి. ఒంగోలు, అద్దంకి వైపు వాళ్లయితే నెల్లూరు మాన్యువల్ చూడాలి, అప్పట్లో ఆ తాలూకాలు నెల్లూరువి. బడి అడ్మిషన్ రిజిస్టర్లు అడగండి. పాత పత్రికలు కావాలంటే వేటపాలెం వెళ్లండి. 1918లో పుట్టిన సారస్వత నికేతనం గ్రంథాలయంలో తరాల నాటి పేపర్లు దాచి ఉంచారు. 1929లో గాంధీ వచ్చినప్పటి చేతికర్ర కూడా అక్కడే ఉంది.

1984లో కరణం, మునసబు పదవులు పోయాయి. ఊరి లెక్క రాయడం ఇప్పుడు ఎవరి మిరాసీ కాదు, కాబట్టి అందరి పనీ. పేరాలవ్వ పోయి చాలా ఏళ్లయింది. ఆమె మాట మిగిలింది మేం అడిగి రాసుకున్నాం కాబట్టే. మీ వీధిలో ఎనభై దాటిన మనిషి ఒకరు ఉంటారు. ఈ ఆదివారం ఒక నోటుపుస్తకం తీసుకుని వెళ్లండి. చెప్పినవాళ్ల పేరు, విన్న తేదీ పైన రాయడం మరిచిపోకండి.