తొందర లేని గ్లాసు

జేమ్స్ జాయిస్ ‘యులిసిస్’ నవలంతా ఒక్క రోజు కథ. 1904 జూన్ 16. ఆ మధ్యాహ్నం ఆకలేసిన లియోపోల్డ్ బ్లూమ్ డబ్లిన్ డ్యూక్ స్ట్రీట్‌లోని డేవీ బర్న్ పబ్బులోకి వెళ్తాడు. జున్ను పెట్టిన శాండ్‌విచ్, ఒక గ్లాసు బర్గండీ వైన్ తెప్పించుకుంటాడు. ఐర్లండ్ సాహిత్యంలో ఇంతకన్నా పేరుమోసిన పబ్ ఆర్డర్ లేదు. అందులో నల్ల బీరూ లేదు, విస్కీ కూడా లేదు. ఆ పబ్బు ఇప్పటికీ నడుస్తోంది. ఏటా జూన్ 16న జాయిస్ అభిమానులు అక్కడికి చేరి అదే శాండ్‌విచ్, అదే వైన్ అడుగుతారు.

ఐరిష్ పబ్ అనగానే గిన్నిస్ నల్ల బీరు తప్ప మరొకటి తోచనివాళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. నాకు మాత్రం ఆ దేశపు పబ్బును అర్థం చేసుకోవడానికి ఇదే సరైన దారి అనిపిస్తుంది. జనం అక్కడికి వెళ్లేది కూర్చుని మాట్లాడుకోవడానికి. ఎవరితో కూర్చుంటున్నాం, ఎంతసేపు ఉంటాం, ఇంటికి ఎలా చేరతాం అన్నవి తేల్చుకుంటే ఏం తాగాలన్నది పెద్ద చిక్కుగా మిగలదు. మాటను నిలబెట్టే గ్లాసు మంచి గ్లాసు. మాటను మింగేసే గ్లాసు ఎంత ఖరీదైనదైనా ఆ చోటికి తగదు.

ఉద్యోగాలకూ చదువులకూ డబ్లిన్ చేరిన తెలుగువాళ్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. కొత్తగా చేరిన ఆఫీసులో శుక్రవారం సాయంత్రం నలుగురూ పబ్బుకు బయల్దేరితే వీళ్లూ వెళ్తారు. పాతకాలపు పబ్బుల్లో బల్ల దగ్గరకొచ్చి ఏం కావాలని అడిగేవాళ్లు ఉండరు. కౌంటర్ దగ్గరికి మనమే వెళ్లి చెప్పాలి, అక్కడే డబ్బు కట్టాలి. వెనక మనుషులు నిలబడి ఉంటారు. ఆ కంగారులో పక్కవాళ్లు ఏం చెబితే అదే చెప్పేస్తాం. అలాంటప్పుడు ముందే కొంత తెలిసుండటం మేలు.

నల్ల బీరుతోనే మొదలుపెడదాం. దాన్ని స్టౌట్ అంటారు. 1759లో ఆర్థర్ గిన్నిస్ డబ్లిన్ సెయింట్ జేమ్సెస్ గేట్ దగ్గర ఒక పాత బ్రూవరీని ఏడాదికి 45 పౌండ్ల చొప్పున 9,000 ఏళ్లకు లీజుకు తీసుకున్నాడు. మొదట అక్కడ తయారైంది ఏల్ అనే మరో రకం బీరు. స్టౌట్‌కు మూలమైన నల్లటి పోర్టర్ తర్వాత వచ్చింది. 1799కల్లా ఏల్ మానేసి పోర్టర్ మీదే నిలబడ్డారు. ఆ నలుపు, ఆ కాఫీ లాంటి చిరుచేదు మాడేదాకా వేయించిన బార్లీ గింజల వల్ల వస్తాయి.

రంగు చూసి చాలామంది ఇది ఘాటైన సరుకనుకుంటారు. నిజానికి డ్రాఫ్ట్ గిన్నిస్‌లో ఆల్కహాల్ 4.2 శాతమే. మన వైన్ షాపుల్లో స్ట్రాంగ్ పేరుతో అమ్మే బీర్లు 8 శాతం దాకా వెళ్తాయి. స్ట్రాంగ్ బీరుకు అలవాటు పడిన నాలుకకు స్టౌట్ మొదట చప్పగా, తర్వాత చేదుగా, ఆ తర్వాత మెత్తగా తగులుతుంది. మూడో గుక్క దాకా తీర్పు చెప్పకండి. కిక్కు కోసం తాగేవాళ్లకు ఇది ఆశాభంగమే. నాలుగైదు గంటలు కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లకు మాత్రం సరిగ్గా సరిపోతుంది.

దాన్ని పోసే తీరు కూడా నెమ్మదే. గ్లాసును ఏటవాలుగా పట్టి ముప్పాతిక వరకు నింపి పక్కన పెట్టేస్తారు. గోధుమరంగు మేఘంలా కలగాపులగంగా ఉన్న బీరు తేరుకుని, అడుగున నలుపు, పైన మీగడరంగు నురగ తేలేదాకా ఆగి, మిగతాది పోస్తారు. గిన్నిస్ ప్రకటనల లెక్కలో దీనికి 119.5 సెకన్లు. ఈ రెండు విడతల పోతకు మూలం పీపాల కాలంలో ఉంది. అప్పట్లో నురగ పొంగే కొత్త బీరు ఒక పీపాలో, నిలవ ఉండి నురగ తగ్గిన బీరు మరో పీపాలో ఉండేది. రెండూ కలిపి గ్లాసు నింపేవారు. 1959లో గిన్నిస్‌లో పనిచేసే మైకేల్ యాష్ అనే గణితవేత్త నైట్రోజన్ వాయువు వాడి ఒకే పీపాతో ఆ నురగ తెప్పించే పద్ధతి కనిపెట్టాడు. కార్బన్ డయాక్సైడ్ నాలుకను చురుక్కుమనిపిస్తుంది. నైట్రోజన్ బుడగలు మరీ చిన్నవి, అందుకే ఆ మెత్తదనం.

ఆ బుడగలు గ్లాసు అంచున కిందికి దిగుతున్నట్టు కనిపిస్తాయి. అది కంటి భ్రమ కాదు. లిమరిక్ విశ్వవిద్యాలయం గణిత శాస్త్రజ్ఞులు 2012లో కారణం వివరించారు. గ్లాసు పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది కాబట్టి బుడగలు మధ్యలో గుమిగూడి బీరును పైకి తోస్తాయి. పైకెక్కిన బీరు గోడల వెంట కిందికి జారుతూ అక్కడున్న బుడగల్ని వెంట తీసుకుపోతుంది. గ్లాసు తేరుకునేలోపు చూడదగ్గ దృశ్యం ఇది. ఆ రెండు నిమిషాలు కౌంటర్ వెనకున్న మనిషిని తొందరపెట్టడం మర్యాద కాదు. నలుగురికి కలిపి చెబుతున్నప్పుడు స్టౌట్‌లు ముందు చెప్పండి. అవి తేరుకునేలోగా మిగతావి సిద్ధమవుతాయి.

కార్క్ నగరానికి వెళ్తే సంగతి మారుతుంది. అక్కడివాళ్లకు తమ స్టౌట్‌లు తమకున్నాయి: 1792 నాటి బీమిష్, 1856 నాటి మర్ఫీస్. మర్ఫీస్‌లో చేదు తక్కువ, నురగ ఇంకా మెత్తన. కార్క్‌లో కూర్చున్నప్పుడు ఆ ఊరి గ్లాసే అడగమని నా సలహా. ఎందుకు అదే తాగుతారో పక్కనున్న పెద్దాయన చెప్పడం మొదలుపెడితే సాయంత్రం గడిచిపోతుంది.

గ్లాసు కొలతలు తెలుసుకోవాలి. పైంట్ అంటే 568 మిల్లీలీటర్లు. ఊరికే ‘గ్లాస్’ అంటే అందులో సగం. ఇప్పుడు ఎవరు ఏది అడిగినా ఇస్తారు గానీ, ఈ సగం గ్లాసు వెనక ఒక అన్యాయం ఉంది. చాలాకాలం ఎన్నో పబ్బుల్లో ఆడవాళ్లకు పైంట్ పోసేవారు కాదు, సగమే ఇచ్చేవారు. చాలామంది ‘స్నగ్’ అనే చిన్న చాటుగదిలో కూర్చుని తాగాల్సి వచ్చేది. 1970ల్లో నెల్ మెకాఫర్టీ అనే జర్నలిస్టు, ఆమెతోటి స్త్రీవాదులు 30 మంది డబ్లిన్‌లో ఒక పబ్బుకు వెళ్లి అందరికీ బ్రాందీ చెప్పారు. అవి వచ్చాక ఒక్క పైంట్ గిన్నిస్ అడిగారు. పబ్బువాళ్లు అది పోయబోమన్నారు. అయితే బ్రాందీలకు డబ్బు కట్టేది లేదని వీళ్లన్నారు. ఇలాంటి వివక్ష చట్టవిరుద్ధమని తేల్చింది 2000 నాటి ఈక్వల్ స్టేటస్ చట్టం. నచ్చిన గ్లాసు పట్టుకుని నలుగురిలో కూర్చోవడం కూడా పోరాడి తెచ్చుకున్న హక్కేనని ఆ కథ తెలిశాక నాకు గట్టిగా అనిపించింది.

స్టౌట్ చేదు పడనివాళ్లకు కిల్కెన్నీలో పుట్టిన ఎర్రటి స్మిథిక్స్ ఏల్ ఉంది, కాస్త తీపి ఛాయతో. క్లాన్‌మెల్‌లో తయారయ్యే బుల్మర్స్ యాపిల్ సైడర్ ఉంది, పెద్ద గ్లాసులో ఐసు నింపి పోస్తారు. చిన్న బ్రూవరీల పేల్ ఏల్‌లు కూడా ఇప్పుడు చాలాచోట్ల దొరుకుతున్నాయి. గాల్వే హుకర్ బాగుంటుంది.

విస్కీ దగ్గర మాత్రం కాస్త ఆగాలి. 18వ శతాబ్దం చివర్లో మొలకెత్తించిన బార్లీ మీద పన్ను పడటంతో ఐర్లండ్ విస్కీదారులు మొలకెత్తని పచ్చి బార్లీ కూడా కలిపి రాగి బట్టీల్లో కాచడం మొదలుపెట్టారు. పన్ను తప్పించుకోవడానికి చేసిన ఆ పని ఒక కొత్త రుచిని తెచ్చింది. నాలుక మీద నూనెలా పరుచుకుని చివర్లో మిరియపు చురుకు వదిలే ఆ రకాన్ని పాట్ స్టిల్ అంటారు. రెడ్‌బ్రెస్ట్, గ్రీన్ స్పాట్ దానికి మంచి ఉదాహరణలు. 1830లో ఈనియస్ కాఫీ అనే మాజీ ఎక్సైజ్ అధికారి తక్కువ ఖర్చుతో ఆగకుండా విస్కీ తీసే కొత్త బట్టీకి పేటెంట్ పొందాడు. డబ్లిన్ కంపెనీలు దాన్ని చిన్నచూపు చూశాయి, స్కాట్లండ్‌వాళ్లు అందిపుచ్చుకున్నారు. ఆ తర్వాత స్వాతంత్ర్య పోరు, అమెరికా మద్యనిషేధం ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. 1970ల నడిమికి ద్వీపం మొత్తంలో విస్కీ తీసే చోట్లు మిడిల్టన్, బుష్‌మిల్స్ రెండే మిగిలాయి. ఇవాళ మళ్లీ 40 దాటాయి. పబ్బులో పాట్ స్టిల్ విస్కీ ఒక్కటైనా అడగాలని నేను చెప్పేది అందుకే. దాదాపు అంతరించి తిరిగొచ్చిన రుచి అది.

అక్కడి కొలత 35.5 మిల్లీలీటర్లు. మన చిన్న పెగ్గు కన్నా కాస్త ఎక్కువ, పెద్ద పెగ్గులో సగం పైచిలుకు. పక్కన చిన్న జగ్గులో నీళ్లు పెట్టమనండి, కొద్దికొద్దిగా కలుపుకోండి. సోడా, కోలా కలిపితే ఎవరూ ఏమీ అనరు, కానీ పన్నెండేళ్లు పీపాలో మగ్గిన విస్కీలో కోలా పోయడం నాకు మనసొప్పదు. చలికాలం రాత్రి ‘హాట్ విస్కీ’ అడగండి. వేడినీళ్లు, చక్కెర, లవంగాలు గుచ్చిన నిమ్మచెక్క వేసి ఇస్తారు. లవంగం వాసన తగలగానే తెలుగు ముక్కుకు అది పరాయి పానీయం అనిపించదు.

ఒక్కటి మాత్రం అడగొద్దు. స్టౌట్, లేత ఏల్ కలిపిన గ్లాసును కొన్ని దేశాల్లో ‘బ్లాక్ అండ్ ట్యాన్’ అంటారు. 1920లో ఐరిష్ తిరుగుబాటును అణచడానికి బ్రిటన్ దింపిన బలగాలకు జనం పెట్టిన పేరు కూడా అదే. ఊళ్లు తగలబెట్టినవాళ్ల పేరు అది. అమెరికా బార్లలో వినిపించే ‘ఐరిష్ కార్ బాంబ్’ కూడా అంతే. కార్ బాంబులకు మనుషుల్ని పోగొట్టుకున్న దేశంలో ఆ పేరు ఎత్తకూడదు.

ఇక తాగనివాళ్ల సంగతి. ఐర్లండ్ అంతా తాగుబోతులే అన్న మాట శుద్ధ అబద్ధం. 1838లో కార్క్‌లో ఫాదర్ థియోబాల్డ్ మాథ్యూ మొదలుపెట్టిన మద్యపాన విరమణ ఉద్యమంలో లక్షలమంది ప్రతిజ్ఞ చేశారు. 1898లో పుట్టిన పయొనీర్ సంఘం సభ్యులు కోటుకు చిన్న బ్యాడ్జి పెట్టుకుని పబ్బుల్లో అందరితోపాటు కూర్చునేవారు. ఇప్పుడూ పబ్బులో టీ అడిగితే టీపాట్‌తో తెచ్చి పెట్టేవాళ్లున్నారు. కూల్‌డ్రింకుల్ని అక్కడ ‘మినరల్స్’ అంటారు, క్లబ్ ఆరెంజ్ వాటిలో అందరికీ తెలిసినది. ఆల్కహాల్ లేని గిన్నిస్ కూడా చాలాచోట్ల దొరుకుతుంది. ఇంటిల్లిపాదీ తాగని కుటుంబాల నుంచి వెళ్లిన మన పిల్లలు, నలుగురిలో వేరుగా కనబడతామేమోనని మొదటి గ్లాసు పట్టుకోవడం చూస్తే బాధగా ఉంటుంది. ఆ అవసరమే లేదు.

అసలు ఒత్తిడి ‘రౌండ్’ దగ్గర వస్తుంది. ఐదుగురుంటే ఒకరు అందరికీ కొంటారు, తర్వాత మరొకరు. అలా ఐదు చుట్లు తిరగాలి. నలుగురు కొన్నవి తాగి మీ వంతుకు లేచి వెళ్లిపోతే అక్కడ దాన్ని పిసినారితనంగానే చూస్తారు. ఐదు పైంట్లంటే దాదాపు మూడు లీటర్ల బీరు, అందరికీ పట్టదు. కారు తీసుకెళ్లినవాళ్లకు అసలే వద్దు. ఐర్లండ్ రిపబ్లిక్‌లో 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ దాటితే నేరం, కొత్తగా లైసెన్సు తీసుకున్నవాళ్లకు హద్దు 20 మాత్రమే. కాబట్టి మొదటి గ్లాసు రాకముందే, ‘నేను ఒకటి తాగి వెళ్లిపోతాను, నాది నేనే కొనుక్కుంటాను’ అని చెప్పేయండి. ముందే చెబితే ఎవరూ తప్పుపట్టరు. ఉండాలనిపిస్తే రౌండ్‌లోనే ఉండి మీ వంతు కొనండి, ప్రతి చుట్టుకూ సగం గ్లాసో, ఆల్కహాల్ లేని గిన్నిసో తీసుకోండి. మధ్యలో టేటో చిప్స్ ప్యాకెట్ చింపి బల్ల నడుమ పరిస్తే అందరూ చెయ్యి వేస్తారు.