పొద్దున్నే లావెక్కే అక్షరాలు

చేవెళ్లలోనో, మొయినాబాద్‌లోనో ఒక బడి ఉందనుకోండి. అక్కడి కంప్యూటర్లలో ఒకదానికి వింత జబ్బు. సాయంత్రం తెరను సరిచేసి వెళ్తారు. మర్నాడు ఆన్ చేయగానే అక్షరాలు మళ్ళీ లావుగా, మసకగా ఉంటాయి. గీసిన వృత్తం కోడిగుడ్డులా సాగి కనిపిస్తుంది. "తెర పాడైంది, కొత్తది కొనాలి" అంటారు కొందరు. తొందరపడి డబ్బు ఖర్చు చేయకముందే కారణమేమిటో చూద్దాం.

చుక్కల చేను

తెర మీది బొమ్మంతా చిన్న చిన్న చుక్కల కూర్పు. వీటిని పిక్సెళ్లు అంటారు. కూరగాయల చేనులో సాళ్లు, సాలుకు ఇన్ని మొక్కలు ఉన్నట్లే తెరలోనూ చుక్కల సాళ్లుంటాయి. 1080 సాళ్లు, సాలుకు 1920 చుక్కలు ఉంటే మొత్తం 20,73,600. అదే కంప్యూటరు 768 సాళ్లు, సాలుకు 1024 చుక్కల బొమ్మను పంపితే 7,86,432 మాత్రమే. సగం కూడా కాదు! అదే తెరను తక్కువ చుక్కలతో నింపాలి కాబట్టి బొమ్మ మసకబారుతుంది. బీజాపూర్ రోడ్డు మర్రిచెట్ల ఫొటో చూస్తే సన్నని ఊడలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

బొమ్మ సాగడానికీ కారణముంది. మొదటి తెర వెడల్పు, ఎత్తుల నిష్పత్తి 16:9. రెండవ బొమ్మది 4:3. దాన్ని తెర నిండా సాగదీస్తే 3 సెంటీమీటర్ల ఎత్తున్న వృత్తం 4 సెంటీమీటర్ల వెడల్పవుతుంది.

తెర ఇచ్చే పరిచయ చీటీ

తనకు ఎన్ని చుక్కలు కావాలో తెర స్వయంగా చెబుతుంది. అందులోని చిన్న చిప్‌లో ఈ వివరాలుంటాయి. ఈ చీటీని ఇ.డి.ఐ.డి. అంటారు. వెసా అనే సంస్థ 1994లో దీనికి ప్రమాణం ఏర్పరచింది. అసలు భాగం 128 బైట్లు, అంటే 0 నుండి 255 లోపు 128 సంఖ్యలు. వాటి మొత్తాన్ని 256తో భాగిస్తే శేషం సున్నా రావాలి. రాకపోతే చీటీలో తప్పుందని కంప్యూటరు గ్రహిస్తుంది.

ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరు ఈ చీటీ అడుగుతుంది. జవాబు రాకపోతే 1024 × 768 వంటి, చాలా తెరలకు సరిపోయే కొలతను ఎంచుకుంటుంది. రోగం తిరగబెట్టేది ఇక్కడే!

నీలిరంగు కొన ఉండే పాత వి.జి.ఎ. కేబులులో 15 సూదుల స్థానాలున్నాయి. రంగులు వచ్చేది 1, 2, 3 సూదుల గుండా. చీటీ వచ్చేది 12, 15 సూదుల గుండా. ఈ రెండింటిలో ఒకటి విరిగినా బొమ్మ వస్తుంది, చీటీ రాదు. అందుకే కేబులు బాగానే ఉందని మోసపోతాం.

వైద్యం ఎలా?

ఉపాధ్యాయుల సమక్షంలో, ఒకసారికి ఒక్క మార్పే చేయండి.

1. ముందు తెరను, తర్వాత కంప్యూటరును ఆన్ చేసి చూడండి.
2. రెండూ ఆపి, కేబులు ఊడదీసి సూదులు చూడండి. మళ్ళీ గట్టిగా బిగించండి.
3. పక్క కంప్యూటరు కేబులు తెచ్చి పెట్టండి. జబ్బు పోతే దోషం కేబులుదే.
4. పోకపోతే బొమ్మను నడిపే డ్రైవరు సాఫ్ట్‌వేరు సరిగా ఉందో లేదో చూడాలి.
5. లినక్స్‌లో ఎక్స్‌రాండర్ ఆదేశంతో మార్చిన కొలత ఆపగానే పోతుంది. ఆ ఆదేశాన్ని ప్రారంభంలోనే నడిచేలా రాసిపెట్టాలి.

ఒకేసారి రెండు మార్పులు చేస్తే, ఏది పనిచేసిందో తెలియదు. ప్రయోగశాలలో పాటించే ఈ నియమం కంప్యూటరు గదిలోనూ వర్తిస్తుంది. దాన్ని పాటిస్తే, ఒక్క కేబులు మార్చితే సరిపోయే చోట మంచి తెరను చెత్తలో పారేయనక్కరలేదు.