హెచ్.ఐ.వి., మాదకద్రవ్య వ్యసనం: జంతు ప్రయోగాలు చెబుతున్నదేమిటి?

ఎయిడ్స్ వ్యాధిని వైద్యులు మొదటిసారిగా 1981లో అమెరికాలో గుర్తించారు. 1996 నుండి అమలులోకి వచ్చిన మిశ్రమ ఔషధ చికిత్స వలన, క్రమం తప్పక మందులు వాడేవారు దీర్ఘకాలం జీవించగలుగుతున్నారు. అయినప్పటికీ ఒక చిక్కు మిగిలే ఉన్నది. రక్తంలో వైరస్ అణగిపోయిన తరువాత కూడా కొందరిలో జ్ఞాపకశక్తి, ఏకాగ్రత మందగిస్తాయి. వారిలో మాదకద్రవ్యాలకు అలవాటుపడినవారూ ఉన్నారు. ఈ హాని వైరస్ వలననా, మాదకద్రవ్యం వలననా, లేక రెండూ కలియుట వలననా?

రోగులను మాత్రమే పరిశీలించి దీనికి సమాధానం చెప్పడం కష్టం. ఒకే వ్యక్తి కొకెయిన్, హెరాయిన్, మద్యం అన్నీ వాడి ఉండవచ్చు. పోషకాహారం కొరవడి ఉండవచ్చు. మందులు సరిగా వేసుకోకపోవచ్చు. రెండు పదార్థాల ప్రభావం తెలుసుకోవాలంటే రసాయన శాస్త్రజ్ఞులము మిగిలిన పరిస్థితులన్నీ సమానంగా ఉంచి, ఒక్కొక్కదానిని విడిగాను, ఆ తరువాత కలిపియు పరీక్షిస్తాము. జంతు ప్రయోగాల పరమార్థమూ ఇదే.

ఎలుక మెదడులో

హెచ్.ఐ.వి. సహజంగా ఎలుకలకు సోకదు. అందుచేత శాస్త్రజ్ఞులు వైరస్‌కు బదులు అది తయారుచేసే 'టాట్' అనే ప్రోటీనును ఎన్నుకొన్నారు. దాని జన్యువును ఎలుకలలో ప్రవేశపెట్టి, డాక్సీసైక్లిన్ అనే మందు ఇచ్చినప్పుడు మాత్రమే మెదడులో టాట్ తయారయ్యేట్లు ఏర్పాటు చేశారు. ఇది దీపానికి స్విచ్ వంటిది.

మెదడులో ఆనందానికి, ఆసక్తికి సంబంధించిన రసాయనం డోపమైన్. పని ముగిసిన డోపమైన్‌ను తిరిగి నాడీకణంలోనికి చేర్చే వాహక ప్రోటీను ఒకటి ఉన్నది. కొకెయిన్ ఆ వాహకాన్ని అడ్డగిస్తుంది. డోపమైన్ పేరుకొని మత్తు కలుగుతుంది. టాట్ కూడా అదే వాహకానికి అంటుకొని దాని పనిని మందగింపజేస్తుందని పరిశోధనలు తెలిపాయి. అనగా వైరస్, మాదకద్రవ్యం ఒకే చోట దెబ్బతీస్తున్నాయి. 2014లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో, టాట్ తయారవుతున్న ఎలుకలు తమకు కొకెయిన్ లభించిన గదిని ఇతర ఎలుకల కంటె ఎక్కువగా కోరుకొన్నాయి. వ్యసనం వలన వ్యాధి రావడమే కాక, వ్యాధి వలన వ్యసనం బలపడే అవకాశమూ ఉన్నదన్నమాట. నేటి మందులు వైరస్ వృద్ధిని ఆపగలవే గాని, ముందే వైరస్ సోకిన కణాలలో టాట్ తయారీని ఆపలేవు.

మన దేశపు కోతి

వ్యాధి పూర్తి క్రమాన్ని చూడడానికి రీసస్ కోతి అవసరమయింది. హెచ్.ఐ.వి.కి దగ్గర బంధువైన ఎస్.ఐ.వి. దీనికి సోకి ఎయిడ్స్ వంటి వ్యాధిని కలిగిస్తుంది. భారత ప్రభుత్వం 1978లో ఈ కోతుల ఎగుమతిని నిషేధించింది. అయినా అమెరికా పరిశోధనా కేంద్రాలలో భారత సంతతి కోతులు అక్కడే పుట్టి పెరుగుతున్నాయి.

ఈ కోతులలో మార్ఫిన్ ప్రభావంపై ఫలితాలు ఏకాభిప్రాయానికి రాలేదు. కొన్ని ప్రయోగాలలో వ్యాధి వేగంగా ముదిరింది; మరికొన్నింటిలో, మోతాదు నిలకడగా అందినప్పుడు, అట్లు జరగలేదు. మార్ఫిన్ ఉండడం కంటె, దొరికీ దొరకక శరీరం పడే ఒడిదుడుకులే ఎక్కువ హానికరం కావచ్చునని ఒక వివరణ ఉన్నది.

ఎలుక మనిషి కాదు. ఒంటరితనం, అవమానం, నిరుద్యోగం బోనులో పెట్టి కొలిచేవి కావు. ప్రాణుల బాధను తగ్గించి, వీలైనచోట వాటికి బదులు ఇతర పద్ధతులు వాడాలన్న నియమం 1959లో రస్సెల్, బర్చ్ అనే బ్రిటిష్ శాస్త్రజ్ఞులు ప్రతిపాదించినది, దానిని విస్మరించరాదు.

విదేశాలలో ఉన్న మన కుటుంబాలలో ఈ రెండు వ్యాధుల పేరెత్తడానికే సంకోచిస్తాము. వ్యసనాన్ని శీలలోపంగా భావించి దాచిపెడతాము. మెదడులోని ఒక ప్రోటీను పని తప్పినప్పుడు మందలింపు ఒక్కటే దానిని సరిచేయదు. మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులతో హెరాయిన్ వ్యసనానికి చికిత్స ఉన్నది. ఆ చికిత్స పొందేవారికి హెచ్.ఐ.వి. సోకే ప్రమాదం తగ్గుతుంది. సోకినవారు తమ మందులను క్రమంగా వాడగలుగుతారు. రెండు వ్యాధులకూ కలిపి వైద్యం చేయించడమే వివేకం. అందుకు మొదటి మెట్టు, ఇంట్లో ఆ మాట నిర్భయంగా చెప్పుకొనే వాతావరణం కల్పించడం.