సీడీలోని పాటను కంప్యూటరులోనికి ఎత్తుట

నిజామాబాదులోను బోధనులోను ఇరువది ఏండ్ల క్రిందట బతుకమ్మ పాటలు, ఒగ్గు కథలు, పెండ్లి పాటలు సీడీల మీద ఇంటింటికి చేరెడివి. ఆ సీడీలు నేటికిని బీరువాలలో ఉన్నవి గాని, వానిని వినిపించు యంత్రములు కరవైనవి. క్రొత్త ల్యాప్‌టాపులలో అనేకమునకు సీడీ పెట్టు చోటే లేదు. సినిమా పాటలకు దీనివలన వచ్చిన లోటు లేదు. అవి వేయి చోట్ల దొరకును. ఒక ఊరి బృందము పాడి, పట్టణములో కొద్దిపాటి ప్రతులు తీయించుకొన్న పాట సంగతి వేరు. చిందు యక్షగానమునకు పేరు తెచ్చిన చిందుల ఎల్లమ్మ బోధన్ సమీపమున అమ్దాపూరులో నివసించి 2005లో గతించినది. అట్టి కళలలో గొంతు పోయిన పిమ్మట మిగులునది రికార్డు మాత్రమే. ఆ రికార్డు ఒక్క సీడీ మీదనే ఉండి, అది చెడినచో మరల పాడించుటకు ఎవరును ఉండరు.

సీడీ మీద పాట ఏ రూపమున ఉన్నదో ముందు తెలిసికొనవలెను. చక్కెర మిల్లులో రసాయనజ్ఞులు చెరకు రసమును మధ్యమధ్య కొంచెముగా తీసి, తీపి ఎంత ఉన్నదో కొలిచి పుస్తకమున వ్రాసికొందురు. 1937లో స్థాపితమై 2015లో మూతపడిన బోధన్ నిజాం చక్కెర కర్మాగారమును ఎరిగిన వారికి ఇది క్రొత్త విషయము కాదు. ధ్వనిని కొలుచుటయు ఇట్టిదే. గాలిలోని ఒత్తిడి హెచ్చుతగ్గులను సెకనునకు 44,100 పర్యాయములు కొలిచి, ప్రతి కొలతను 65,536 మెట్లలో ఒకదానికి సరిపెట్టి అంకెగా వ్రాయుదురు. అన్ని పర్యాయములు ఎందుకు? మనుష్యుని చెవి సెకనునకు సుమారు 20,000 కంపనముల వరకు వినగలదు. ఒక కంపనమును పట్టుకొనుటకు దాని సంఖ్యకు రెట్టింపు కంటె హెచ్చుగా కొలతలు కావలెను. ఫిలిప్స్, సోనీ సంస్థలు 1980లో ఈ కొలమానమును స్థిరపరచగా, 1982లో జపానులో సీడీలు అమ్మకమునకు వచ్చినవి.

కుడి, ఎడమ చెవులకు వేరువేరుగా కొలతలుండును గనుక సెకనునకు 44,100 × 16 × 2, అనగా 14,11,200 బిట్లు, బైట్లలో 1,76,400. ఒక గంట పాటకు సుమారు 63 కోట్ల 50 లక్షల బైట్లు పట్టును. విద్యార్థులు ఈ లెక్కను నల్లబల్ల మీద తామే వేసి చూడవచ్చును. ఈ అంకెలన్నియు లోపలి అంచు నుండి వెలుపలికి చుట్టుకొనిపోవు ఒకే గీత మీద సన్నని గుంటలుగా ఉన్నవి. చుట్టునకు చుట్టునకు నడుమ దూరము 0.0016 మిల్లీమీటరు మాత్రమే. గీతను విప్పి చాచినచో 5 కిలోమీటర్లకు పైగా సాగును.

ఇక ఎత్తుట. ఇక్కడనే తరచుగా మోసము జరుగును. విండోస్ కంప్యూటరులో సంగీతపు సీడీని తెరచినచో ట్రాక్ 1, ట్రాక్ 2 అని ఫైళ్లు కనిపించును. వానిని పట్టి మరియొక చోట వేసి, పని అయినదని సీడీని ఇతరులకు ఇచ్చివేయువారు కలరు. ఆ ఫైళ్లలో ఒక్కొక్కటి 44 బైట్లు మాత్రమే. అందులో పాట లేదు. పాట సీడీ మీద ఎచ్చట మొదలగునో తెలుపు గురుతు మాత్రమే కలదు. కావున ఎక్జాక్ట్ ఆడియో కాపీ వంటి, ఇందుకై వ్రాయబడిన ప్రోగ్రామును వాడవలెను.

గీతలు పడిన సీడీ కూడ పాడుటకు కారణము తప్పులను దిద్దు ఏర్పాటు. ఒక తరగతి జవాబు పత్రములన్నియు ఒకే కట్టలో పెట్టక, పది తరగతులవి పది కట్టలలో కలిపి కట్టిరనుకొందము. ఒక కట్ట పోయినను ఏ తరగతియు పూర్తిగా పోదు. సీడీలో అంకెలను ఇట్లే చెదరగొట్టి, వానికి తోడు సరిచూచు అంకెలను చేర్చుదురు. అందువలన దాదాపు 2.5 మిల్లీమీటర్ల నిడివి గల గీత పడినను పోయిన దానిని లెక్కకట్టి తిరిగి రాబట్టవచ్చును. అంతకు మించినచో యంత్రము ప్రక్క కొలతలను చూచి నడుమ దానిని ఊహించును. లెక్కలు, ఉత్తరములు దాచు సీడీలో 2,352 బైట్ల గడికి 2,048 మాత్రమే సమాచారము. మిగిలినవానిలో అధికభాగము మరియొకసారి తప్పు దిద్దుటకే. సంగీతపు సీడీలో 2,352 బైట్లును పాటకే వ్యయమైనవి. ఊహించిన చోటు చెవికి తెలియకపోవచ్చును గాని, అది గాయకుని గొంతు కాదు. మంచి ప్రోగ్రాము ప్రతి భాగమును రెండుసార్లు చదివి, రెండును సరిపోలినచో గాని అంగీకరింపదు. ప్రసిద్ధమైన సీడీలకు ఇతరులు తీసిన ప్రతులతో పోల్చు సదుపాయము ఇంటర్నెట్టులో కలదు. ఊరి బృందపు సీడీకి అది దొరకదు. రెండు వేరు యంత్రములలో చదివించి పోల్చుటయే దానికి మార్గము.

ఎత్తిన పాటను చిన్నది చేయుటకు రెండు పద్ధతులు. ఎంపీ3 చెరకు గానుగ వంటిది: చెవి పట్టించుకొనదని తలచిన భాగమును పిప్పిగా పారవేయును. సెకనునకు 1,28,000 బిట్ల ఎంపీ3 అసలులో పదకొండవ వంతు మాత్రమే. అయితే బెల్లము నుండి చెరకును తిరిగి చేయలేము. 2001లో వచ్చిన ఫ్లాక్ పద్ధతి ఏమియు పారవేయదు. బట్టను మడిచినట్లు మడిచి, సాధారణముగా సగమునకు కొంచెము అటు ఇటుగా తగ్గించును. విప్పినచో ఒక్క బిట్టు కూడ తేడా రాదు. దాచుటకు ఫ్లాక్, ఫోనులో వినుటకు దాని నుండి తీసిన ఎంపీ3 తగినవి.

అన్నిటికంటె ఓపిక కావలసిన పని పేర్లు వ్రాయుట. సామాన్యముగా సీడీలో పాట పేరు ఉండదు. సినిమా సీడీ పెట్టగానే కంప్యూటరు పేర్లు చూపుట, పాటల నిడివిని బట్టి ఇంటర్నెట్టు పట్టికలో వెదకుటవలననే. ఊరి సీడీకి పట్టికలో చోటు లేదు. అట్ట మీది కాగితము చిరిగినచో పేరును లేదు. కావున పాట మొదటి మాట, పాడినవారు, వాద్యములు, ఊరు, కళారూపము, సంవత్సరము ఆ ఫైలులోనే నింపవలెను. పాడినవారు జీవించి ఉండగా అడిగి వ్రాసిన వివరమునకు విలువ మిక్కిలి. ఇంగ్లీషు అక్షరములలో బతుకమ్మ అను ఒక్క మాటనే నలుగురు నాలుగు విధముల వ్రాయుదురు. వెదకినపుడు మూడు దొరకవు. 1991 నాటి మొదటి యూనికోడ్ లోనే తెలుగు లిపికి స్థానము కలదు గనుక తెలుగులో వ్రాయుటకు అడ్డు లేదు. 2 అని గాక 02 అని వ్రాయవలెను. లేనిచో కొన్ని యంత్రములు 10వ పాటను 2వ పాటకు ముందు నిలుపును.

పాఠశాల కంప్యూటరులో ఉన్నది గదా అని ఒక్క ప్రతితో తృప్తిపడరాదు. హార్డుడిస్కులు చెప్పకయే చెడును. మూడు ప్రతులు, అందొకటి వేరు ఇంట, ఉండుట మేలు. సొంత వినికిడికి, అధ్యయనమునకు తగు మేరకు వాడుకొనుటను 1957 నాటి కాపీరైటు చట్టము అంగీకరించును గాని, పంచిపెట్టుటకు హక్కుదారుల అనుమతి కావలెను.

ఎత్తిన పిదప పాత సీడీని పారవేయరాదు. దుకాణములో కంప్యూటరు మీద కాల్చిన సీడీలలో గుంటలకు బదులు రంగు పొర ఉండును. ఎండకు, వేడికి అది చెడును. నిజామాబాదు వేసవిలో 45 డిగ్రీలు దాటు దినములు కలవు గనుక కిటికీ ప్రక్కన, వాహనములో వానిని ఉంచరాదు. పేరు వ్రాసిన వైపుననే లోహపు పొర పైకి దగ్గరగా ఉండును; ఆ వైపున బాల్ పెన్నుతో వ్రాయుట మెరియు వైపున గీత పడుట కంటె ఎక్కువ హాని.