పాత ఇంటిపై కొత్త గది: అనుమతి ఎప్పుడు కావాలి?

ఇంటికి రంగులు వేయించడమూ, అదే ఇంటి డాబా మీద మరో గది లేపడమూ యజమానికి సొంత ఇంటి పనులే అయినా, చట్టం మొదటిదాన్ని మరమ్మతుగానూ రెండోదాన్ని నిర్మాణంగానూ చూస్తుంది. 2016 నాటి జాతీయ భవన నిర్మాణ స్మృతి ప్రకారం సున్నం, గిలాబు, నేల బండల మార్పు, ఫాల్స్ సీలింగ్, లోపలి అడ్డుగోడల వంటి పనులకు అనుమతి అక్కర్లేదు గానీ, వాటివల్ల భవనపు దృఢత్వానికీ అగ్నిప్రమాద రక్షణకూ భంగం కలగకూడదు. పైగా రాష్ట్రాల నియమాల్లో చేరినప్పుడే ఆ స్మృతికి చట్టబలం వస్తుంది.

మెలికంతా దృఢత్వం దగ్గరే ఉంది. హాలునూ వంటగదినీ కలపడానికి కొట్టేసే గోడ, కాలమ్‌ల మధ్య కట్టిన నాలుగున్నర అంగుళాల అడ్డుగోడైతే స్లాబుకు సాధారణంగా ముప్పు ఉండదు. పాత ఇళ్లలో స్లాబును నేరుగా మోసే తొమ్మిది అంగుళాల గోడైతే మాత్రం మేస్త్రీ భరోసా చాలదు, స్ట్రక్చరల్ ఇంజినీరు చూడాలి. ముందుముందు పనికొస్తాయని డాబా మీద వదిలిన కాలమ్ చువ్వలు కూడా పై అంతస్తుకు అనుమతి ఉన్నట్టు రుజువు కావు. మంజూరైన ప్లానులో ఎన్ని అంతస్తులున్నాయన్నదే లెక్క. ఏళ్ల తరబడి వానకు నాని, పొరలుగా తుప్పు రాలే ఆ చువ్వలను బలానికి పూచీగా తీసుకోవడమూ ప్రమాదమే.

ఇంటికీ ప్రహరీకీ నడుమ గాలి, వెలుతురుల కోసం నియమం ప్రకారం వదలవలసిన ఖాళీని సెట్‌బ్యాక్ అంటారు. అందులో స్నానాల గదో మెట్లో కట్టడం వీధివీధినా కనిపిస్తుంది గానీ, పక్కవారు కట్టారన్నది చట్టం ముందు సమాధానం కాదు.

తెలంగాణ 2020లో తెచ్చిన చట్టం ప్రకారం 75 గజాల లోపు స్థలంలో 7 మీటర్ల ఎత్తు వరకు ఉండే ఇంటికి అనుమతి అక్కర్లేదు, 1 రూపాయితో ఆన్‌లైన్‌లో నమోదు చేస్తే చాలు. అంతకు మించి 500 చదరపు మీటర్ల వరకు స్థలంలో, 10 మీటర్ల ఎత్తు వరకు యజమాని స్వీయ ధ్రువీకరణతోనే తక్షణ అనుమతి లభిస్తుంది. ఇది తనిఖీ లేని అనుమతి కాదు. ఇచ్చిన వివరాలు అబద్ధమని తేలితే నోటీసు లేకుండానే కూల్చే అధికారాన్ని ఆ చట్టమే ఇచ్చింది. అందుకే ఇంజినీరు చేత అప్‌లోడ్ చేయించే ముందు ప్లానులోని కొలతలను స్థలంలో టేపు పట్టి సరిచూసుకోవడం యజమాని పనే.